ప్రసాదం తింటే తిన్నట్టా?

మొన్న ఆషాఢంలో మా సర్జరీ వార్డులో ఎవరో స్టీలు డబ్బా మూత తీయగానే, పెరుగన్నం, పసుపు, నలిగిన వేపాకు కలిసిన వాసన ఫినాయిల్‌ను నెట్టుకుంటూ వచ్చి నా ముక్కుకు తగిలింది. పాలమూరు నుంచి బిల్డింగు పనికొచ్చిన ఒకామె, మర్నాడు ఆపరేషన్ ఉన్న భర్త కోసం తెచ్చిన బోనం ప్రసాదం అది. నేను ఆ వార్డుకు సిస్టర్ ఇన్‌ఛార్జిని. ఎవరికి ఏ మందు పోతోందో, ఎవరి పేరు ఎవరి చేతిపట్టీకి ఎక్కిందో, ఎవరు మంచం దిగి జారిపడేలా ఉన్నారో చూసుకోవడం నా ఉద్యోగం. అందరి చేతా తిట్లు తినడం దానికి కొసరు. ఇప్పుడే పెట్టెయ్, రేపు పొద్దున మాత్రం వద్దని ఆమెకు చెప్పాను గానీ, ఆ వాసన నన్ను ఇదే మరాఠీ మహానగరంలో నేను పెరిగిన కామాఠీపుర చాలీలోకి, మా వలస తెలుగువాళ్ల వరసగదుల మేడలోకి, తీసుకుపోయి దింపింది.

మా ఖోలీ, మేమంతా ఉండే ఒంటిగది, రెండో అంతస్తులో, గ్యాలరీ చివర ఉండేది. వానాకాలం వస్తే గల్లీలో నీళ్లు నిలిచేవి, మేం పిల్లలం పాత పేపర్లతో పడవలు చేసి పైనుంచే జారవిడిచేవాళ్లం, గ్యాలరీ పొడవునా ఆరేసిన బట్టలు ఎంతకీ ఆరక ముక్కవాసన కొట్టేవి. సరిగ్గా ఆ తడిలోనే బోనాలు వచ్చేవి. మార్కెట్టు నుంచి వేపమండలు తెచ్చి, కుండలకు సున్నం, పసుపు పూసి, నెత్తిన దీపం పెట్టుకుని ఆడవాళ్లు రోడ్డు దాటుతుంటే బస్సు డ్రైవర్లు హారన్ కొట్టడం మానేసి దండం పెట్టేవాళ్లు. అందరికంటే ముందు మా నాయనమ్మ నడిచేది. ఆమె మాటకు నల్లా దగ్గర కూడా ఎదురుండేది కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాయనమ్మ అడగకపోయినా పెట్టేది, వద్దన్నా పెట్టేది, కడుపు నిండిందంటే అలిగి ఇంకో ముద్ద పెట్టేది. ఖాళీ కడుపుతో మనిషిని గడప దాటించడం ఆమె లెక్కలో పాపం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మకు కడుపులో గడ్డ అన్నారు. అమ్మ బీడీలు చుట్టేది. నొప్పి వస్తే చాట పక్కన పెట్టి కాసేపు ముడుచుకుని పడుకుని, మళ్లీ లేచి చుట్టేది. చివరికి పెద్దాసుపత్రిలో చేర్చారు. ఇంట్లో అందరికీ భయమే, ఎందుకంటే నేను పుట్టకముందు మా చిన్నాయన వేరే ఆసుపత్రిలో ఆపరేషన్‌కు పోయి మత్తులోంచి లేవలేదు. ఆయుష్షు అంతే అని సరిపెట్టుకున్నారు గానీ, ఆ మాటెత్తితే మా ఇంట్లో గొంతులు తగ్గిపోయేవి. ఆదివారం బోనాలు, సోమవారం అమ్మకు ఆపరేషన్. కోడలిని ప్రాణాలతో ఇంటికి పంపమని మొక్కుకుని నాయనమ్మ ఆ ఏడు బోనమెత్తింది.

సోమవారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని, ప్రసాదం డబ్బా కొంగులో దాచి వార్డుకు వచ్చింది.

"పొద్దుగాల ఏం తినొద్దన్నరు అత్తమ్మా," అంది అమ్మ.

"అన్నం తినొద్దన్నరు. పోచమ్మ తల్లి ప్రసాదం వద్దన్నరా? ఒక్కపొద్దు నాడు గూడ తింటం గద."

అత్త ఎదుట నోరెత్తే కోడలు కాదు అమ్మ. రెండు ముద్దలు తింది. తర్వాత స్ట్రెచర్ తెచ్చిన వార్డుబాయ్ "కుచ్ ఖాయా క్యా?" అని అడిగితే లేదంది. చిన్న డాక్టరు అడిగినా అదే చెప్పింది. అబద్ధమాడాలని కాదు, మా ఇళ్లలో ప్రసాదం తిండి కింద రాదు, అంతే.

తలుపు దగ్గర పెద్ద సిస్టర్ స్ట్రెచర్ ఆపింది. వార్డంతా ఆమె చేతికిందే. తెల్లచీర, కళ్లజోడు, నడుముకు తాళాలగుత్తి ఉన్న మరాఠీ ఆవిడ. ఆమె తిన్నావా అని అడగలేదు. "కళ్లు తెరిచినప్పటి నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పు బాయీ," అంది హిందీలో. అమ్మ తనకొచ్చిన హిందీలో అమాయకంగా చెప్పుకొచ్చింది: లేచాను, మొహం కడుక్కున్నాను, అత్తమ్మ వచ్చి బొట్టు పెట్టింది, ప్రసాదం తిన్నాను, జడ వేసుకున్నాను. పెద్ద సిస్టర్ స్ట్రెచర్‌ను వెనక్కి తిప్పించింది. సర్జన్ వచ్చి అందరి ముందూ కేకలేస్తే, ఈ పేషెంటు ఇవాళ రాదని తేల్చి చెప్పింది.

నాయనమ్మ ఆమె మీదికి పోయింది. "ప్రసాదం తింటె తిన్నట్టా? నా కోడలి ఆపరేషన్ చెడగొడితివి గదమ్మా."

పెద్ద సిస్టర్ కోపం తెచ్చుకోకుండా ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి హిందీలోనే విడమరిచి చెప్పింది. మత్తిచ్చాక కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, అప్పుడు మనిషికి దగ్గే శక్తి కూడా ఉండదనీ, దేవుడి ప్రసాదమైనా ఇంటి అన్నమైనా కడుపుకు ఒకటేననీ. నాయనమ్మ కొంగులోంచి ప్రసాదం డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని, దాని మూతను వేలితో రాస్తూ కూర్చుంది.

"గంజి తాగినా గట్లనే అయితదా?" అని అడిగింది చివరికి.

"ఎవరు తాగారు?"

"నా చిన్నకొడుకు. పాణానికి బలముంటదని నేనే లోటెడు తాపిన."

ఇప్పుడు నేనూ అదే ఉద్యోగంలో ఉన్నాను గనుక తెలుసు, అలాంటప్పుడు నోటికి సులువైన అబద్ధం ఒకటి వస్తుంది. పెద్ద సిస్టర్ దాన్ని మింగేసి, అవుతుందనే చెప్పింది. తర్వాత, "ఆ పొద్దున నిన్నెవరైనా అడిగారా?" అంది.

"ఎవ్వలు అడగలే."

"అయితే తప్పు అడగనివాళ్లది. ఇకమీద మీవాళ్లను ఎట్లా అడగాలో మాకు నువ్వే నేర్పు."

నాయనమ్మ కళ్లు తుడుచుకుని, తిన్నవా అని అడగొద్దని, "నోట్లె ఏమేసుకున్నవు?" అని అడగమంది. ఆ మాటను పెద్ద సిస్టర్ తన మరాఠీ నాలుకతో నేర్చుకుని, వార్డులోని నర్సులందరికీ నేర్పింది. మరుసటి వారం అమ్మకు ఆపరేషన్ అయింది. నడిచి ఇంటికొచ్చి, నా పెళ్లి చేసి, నా కూతురిని కూడా ఎత్తుకుంది.

ఇప్పుడు మా ఆసుపత్రిలో పేషెంట్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడ పొరపాటు జరగబోయిందో మాట్లాడుకునే మీటింగులున్నాయి, గోడల మీద మూడు భాషల్లో బోర్డులున్నాయి. తెలుగు ముసలివాళ్ల తరఫున మనవలు మరాఠీలోనే జవాబులు చెప్పేస్తారు, ఏమీ తినలేదని. వాళ్లను బయటికి పంపి, మంచం మీద కూర్చుని నాయనమ్మ మాటతోనే అడుగుతాను. ఒకరికి తీర్థం, ఒకరికి తంబాకు, ఏదో ఒకటి బయటపడుతుంది. మా చాలీ కూల్చేశారు. గల్లీలో కుండ ఎత్తేవాళ్లు తగ్గారు. కుక్కర్లు వచ్చాక గంజి వార్చడం అందరి ఇళ్లలోంచీ పోయింది. నా కూతురికి గంజి అంటే చీరలకు పెట్టేదనే తెలుసు.

మా ఇంట్లో మాత్రం గంజి కుక్కరుతో పోలేదు, అంతకు ఎంతో ముందే పోయింది. ఆ సోమవారం ఆసుపత్రి నుంచి వచ్చిన నాయనమ్మ గంజి వార్చే పని లేకుండా కొలిచిన నీళ్లతో అత్తెసరు పెట్టింది, ఆ తర్వాత బతికినంత కాలం అత్తెసరే పెట్టింది. ఉప్పేసిన గంజి కావాలని మేం పిల్లలం మారాం చేస్తే, మూత తీయకుండా పొయ్యి దగ్గరే కూర్చుని, "బియ్యంలనే ఇంకిపోనీయిండ్రి బిడ్డా," అనేది.