గడ్డి చెప్పింది

ఊరంతా గడ్డి మామయ్య అని పిలిచే ఆ పెద్దాయనకి ఉన్నది ఒక్కటే జబ్బు. గడ్డితో మాట్లాడతాడు. మొక్కలతో మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు. ఈయనకి గడ్డి జవాబు కూడా చెబుతుంది.

కొండవాలు శ్మశానానికి కాపలాదారూ ఆయనే, తోటమాలీ ఆయనే. గొర్రెలు మేసే పైకొండల నుంచి సూదుల్లాంటి సన్నగడ్డి తెచ్చి సమాధుల మధ్య నాటాడు. అది నీళ్లడగదు, కత్తెరడగదు, మంచుకి చావదు. తొక్కితే మాత్రం పొద్దెక్కేదాకా అలాగే పడుకుంటుంది. అందుకని అడుగు వేసే ముందు, “కాస్త జరగండమ్మా” అని దండం పెట్టేవాడు. గాలి లేకపోయినా గడ్డి పక్కకి ఒరిగేది. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ అటు వెళితే ఒట్టు.

ఇంట్లో కోడలికి ఇది రోజూ ఉండే భాగోతమే.

“కూరలో ఉప్పు తక్కువైందమ్మా.”

“మీరింకా తిననే లేదుగా మామయ్యా!”

“గడ్డి చెప్పింది.”

నోట్లో వేసుకుని చూస్తే నిజంగానే తక్కువ. కోడలికి ముందు ఒళ్లు జలదరించేది, వెంటనే ఒళ్లు మండేది.

ఒక పొగమంచు ఉదయం మామయ్య జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

“అమ్మా, నా బూట్లు వేసుకుని వెళ్లు. గడియారాలు బాగుచేసే ఆయన సమాధి ఉంది చూడు, అక్కణ్ణుంచి బెంచీ దాకా నడు. ఎడమకాలు ఈడుస్తూ నడవాలి.”

“ఇది కూడా గడ్డే చెప్పిందా?”

“కాదు, నేనే చెబుతున్నా. ఆయన అలాగే నడిచేవాడు. వాళ్లావిడ ఇవాళ వస్తుంది. అడుగులు చూసి, ‘వచ్చి వెళ్లారు’ అనుకుని ఇంటికెళ్లి నాలుగు ముద్దలు తింటుంది. ఒకసారి నేను నిద్రపోయి అడుగులు వేయలేదు. రెండ్రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదావిడ.”

ఇన్నాళ్లూ తాను చేసిన వెటకారం గుర్తొచ్చి కోడలు సిగ్గుపడింది. బూట్లలో గుడ్డలు కుక్కుకుని పరుగెత్తింది. కాలు ఈడ్చుకుంటూ నడిచి బెంచీ వెనక నిలబడిందో లేదో, మంచులోంచి పెద్దావిడ వచ్చింది.

“ఈసారి అడుగులు దగ్గర దగ్గరగా ఉన్నాయేంటమ్మా?”

“చలి కదండీ, వణుక్కుంటూ నడిచుంటారు. గడ్డి చెప్పింది.”

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో కోడలికే తెలియలేదు. పెద్దావిడ తృప్తిగా నవ్వి, బెంచీ మీద ఒక పక్కకి జరిగి కూర్చుంది, ఇంకొకరికి చోటు వదిలి.

గాలి లేదు. సమాధి దగ్గర గడ్డి ఒకచోట వంగింది. దాని పక్కన ఈడ్చినట్టు ఒక గీత పడింది. మళ్లీ ఒక అడుగు, మళ్లీ ఒక గీత. తీరిగ్గా బెంచీ వైపే వస్తున్నాయి.

కోడలు చేతులు జోడించింది. “కాస్త జరగండమ్మా, నేను ఇంటికి పోవాలి.”

గడ్డి దారిచ్చింది.

ఇంట్లో మామయ్య మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. “ఇవాళ ఆయన ఆలస్యంగా వచ్చాడు కదూ?”

“మీకెవరు చెప్పారు?” అనబోయి కోడలు నోరు మూసుకుంది. బూట్లు విడిచి వంటింట్లోకి వెళ్లి, రుచి చూడకుండానే కూరలో ఇంకాస్త ఉప్పు వేసింది.