మా టీవీలో కనిపించిన అడ్రసు

తీగలు లాగకుండా టీవీకి నెట్ పెట్టిస్తానంటూ ఈ సాయంత్రం ముంబైలోని మా వరస గదుల చాల్‌కి ఒక ఏజెంటు వచ్చాడు. మన తెలుగబ్బాయే. ఫారం నింపుతూ అడ్రసు దగ్గర పెన్ను ఆపాడు.

"అక్కా, కామాటిపుర పేరు చూస్తే మా సార్లు ఒద్దంటరు. గ్రాంట్ రోడ్ అని రాస్తున్న."

కామాటిపుర అంటే అందరికీ రెడ్‌లైట్ ఏరియానే గుర్తొస్తుందని, బడిలో, బ్యాంకులో, చివరికి నా పెళ్లి పత్రికలో కూడా మేము పక్కనున్న గ్రాంట్ రోడ్డు పేరే రాశాం. ఈ రోజు మాత్రం ఒళ్లు మండింది.

"మా తాత సున్నం మోసి కట్టిన గల్లీ ఇది. ఉన్న పేరే రాయి తమ్మీ, లేకుంటే నీ ఫారం నువ్వే తీస్కపో" అన్నాను.

తీసుకుపోయాడు.

అతను చెప్పులు వేసుకునేలోపే నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, దాని పేరు మార్చి, టీవీకి కలిపాను. అమ్మ సీరియల్ మొదలైంది. ఇప్పుడు మా అంతస్తులో ఎవరు వైఫై వెతికినా 'కామాటిపుర పదకొండో గల్లీ' అని కనిపిస్తుంది. మెట్లు దిగుతున్న అతని ఫోన్‌లోనూ కనిపించే ఉంటుంది.

సీరియల్ అయ్యేలోపే డేటా అయిపోవచ్చు. పేరు మాత్రం మార్చను. మన గల్లీలవాళ్లూ, మీరు ఫారంలో ఏం రాస్తున్నారు?