అమ్మ ఒక్కతే కుట్టిన స్విమ్మింగ్ డ్రెస్

మా చిన్నప్పుడు... ఎల్‌బీ నగర్ ఇంటి వరండాలో, కుట్టుమిషన్ చుట్టూ నీలం గుడ్డ పరిచి ఉంది. "కదలకే, గుండుసూది గుచ్చుకుంటది!" అని కసురుతూ అమ్మ నాకు కొలతలు తీస్తోంది. పక్కన సింధు తన వంతు కోసం గెంతుతోంది.

సింధు మా మేడ మీద కిరాయికుండే ఆంటీ కూతురు. వాళ్ళది విజయవాడ వైపు, మాది నల్గొండ దగ్గర పల్లె. ఆ ఎండాకాలం మా ఇద్దరినీ ఈత నేర్పే క్యాంపులో చేర్పించారు. స్విమ్మింగ్ డ్రెస్ లేకపోతే నీళ్ళలోకి దిగనివ్వనని సారు ముందే చెప్పేశాడు.

దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో అమ్మేవి చూసి అమ్మలిద్దరూ ముక్కున వేలేసుకున్నారు... చేతులు లేవు, కాళ్ళు లేవు, ఇవేం బట్టలని! సాగే గుడ్డ కట్‌పీస్ కొనుక్కొచ్చి, నిండుగా తామే కుట్టడానికి కూర్చున్నారు.

సాగే గుడ్డని మా పాత మిషన్ మీద కుట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తొక్కాలి, ఒకరు గుడ్డని రెండు వైపులా లాగి పట్టాలి. లేకపోతే వేసుకుని చెయ్యి చాపగానే దారం పుటుక్కుమంటుంది. అమ్మ తొక్కేది, ఆంటీ పట్టేది.

"జర గుంజు వదినా..."

"లాగుతున్నానండీ వదినగారూ, మీరు కానివ్వండి."

అవి ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం రోజులు... ఆ రోజు బంద్. చెల్లెలి నిశ్చితార్థానికి ఊరెళ్ళాల్సిన ఆంటీ, చౌరస్తాలో బస్సులు ఆగిపోయి సంచీతో తిరిగొచ్చింది. ఆ మంటతోనే వచ్చి గుడ్డ పట్టుకుంది.

"పనీపాటా లేనివాళ్ళు రోడ్డుకి అడ్డంగా కూర్చుంటే మేం ఎలా బతకాలండీ?"

అమ్మ కాలు ఆగింది. "ఎవలకు పని లేదంటున్నవ్? ఆడ కూసున్నోడు నా తమ్ముడు."

"అయినా మేం రాకముందు ఇక్కడ ఏముందండీ, బండరాళ్ళు తప్ప?"

"గట్లయితే మీ ఊరికే పోయి కుట్టుకో పో!"

ఆంటీ గుడ్డ వదిలేసింది. సింధు డ్రెస్ గుడ్డముక్కలు ఏరుకుని, పిల్లని రెక్క పట్టి లాక్కుంటూ మేడెక్కేసింది.

నేను పట్టుకుంటానంటే అమ్మ కయ్‌మంది. "ఎవ్వలు అక్కర్లే. నాకు చాతనైతది!" నాది ఒక్కతే కుట్టింది. మిషన్ లేక, పైన ఆంటీ సింధుది చేత్తో కుట్టింది.

క్యాంపు మొదటి రోజు... ఎంత ఆశగా దూకానో! ఒక్కసారి చెయ్యి చాపానంతే, టపటపమని కుట్టు ఊడి, డ్రెస్ చెయ్యి నీళ్ళ మీద తేలింది. అవతల సింధుదీ అదే గతి. సారు ఇద్దరినీ బయటికి రమ్మన్నాడు.

గట్టు మీద తువ్వాళ్ళు చుట్టుకుని, ఏడుస్తూ మేమిద్దరం తిట్టుకున్నాం.

"మీ వల్లే! మేం రాకముందు మీకు ఈతకొలనే లేదు!" అంది సింధు.

"మీ ఊరికి పోయి ఈదుకో పో!" అన్నాను నేను.

ఆ మాటలు ఎక్కడివో వేరే చెప్పాలా? మమ్మల్ని దింపడానికొచ్చిన అమ్మలిద్దరూ గట్టు మీదే నిలబడి వింటూనే ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు నోరు మూయమనలేదు. వచ్చే నెలకి ఆంటీ వాళ్ళు మూసారాంబాగ్ అవతలికి ఇల్లు మారారు. క్యాంపుకి మళ్ళీ నన్ను పంపలేదు, ఈత నాకు ఇప్పటికీ రాదు.

అందుకే, అప్పట్లో ఇరుగుపొరుగు ఎంత కలిసిమెలిసి ఉండేవాళ్ళో అని ఎవరైనా ఇక్కడ పోస్టు పెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న మా పాప స్విమ్మింగ్ డ్రెస్ భుజం దగ్గర చినిగింది. కొన్నదే... అయినా అమ్మ ఊరుకుంటుందా? ఆ పాత మిషనే తుడిచి కూర్చుంది. "జర గుంజి పట్టు బిడ్డా" అంటే పట్టుకున్నాను. దారం తెగింది. మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ తెగింది.

"గట్ల కాదే..." అని విసుక్కుంది అమ్మ. "ఆమె పట్టినట్టు పట్టు."

ఆమె ఎవరో నేను అడగలేదు. నాకు జాలి కూడా వెయ్యలేదు, కోపమొచ్చింది. "అంత గుర్తున్నదానివి అప్పుడే మేడెక్కి పిలవకపోయావా అమ్మా?" అనేశాను.

అమ్మ తలెత్తలేదు. "ఆమె దిగి రాలే గద" అంది.

మేడకీ వరండాకీ మధ్య పట్టుమని ఇరవై మెట్లు కూడా లేవు. ఇప్పుడైతే ఆంటీ ఎక్కడుందో కూడా తెలియదు...

మీ అమ్మ మాట మానేసిన ఆంటీ మీ ఇంటి మీద కూడా ఉండేదా? ఉంటే రాయండి. "ఆ రోజులే వేరు" అని మాత్రం నా దగ్గర రాయకండి.