చెరువు నీళ్లలోంచి లేవడం

దుబాయి నుంచి తిరిగొచ్చేటప్పుడు మా అన్న అందరిలా టీవీ తేలేదు, దుప్పట్లూ తేలేదు. అతుకులు వేసిన పెద్ద గాలిపటం, కాళ్లకు పట్టీలున్న ఒక పలక తెచ్చాడు. అక్కడ సముద్రం ఒడ్డున సరదాకు వచ్చేవాళ్ల గాలిపటాల్లో గాలి నింపి, తాళ్లు విప్పి, పైకి ఎగరేసి ఇవ్వడం అతని పని. ఆ గాలిపటం లాగుతుంటే వాళ్లు పలక మీద నిలబడి నీళ్ల మీద జారుకుంటూ పోతారట. అన్నను మాత్రం ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగనివ్వలేదు. ఓనరు పారేయమన్నవాటినే ఇంటికి మోసుకొచ్చాడు.

అప్పుడు అన్న, వదిన భూపాలపల్లిలో ఉండేవాళ్లు. వాళ్లను చూడటానికి నేను మహబూబాబాద్ నుంచి వెళ్లాను. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న కాలం. బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాను. నేను రాయాల్సిన ఉద్యోగ పరీక్ష మళ్లీ వాయిదా పడింది. ఇక చదవబుద్ధి కాలేదు.

బరువులు మోసీ మోసీ అన్న కుడి భుజం చెడిపోయి ఉంది. అందుకే ఆ పలక మీద నిలబడి చూడమని నన్ను అడిగాడు.

"నువ్వు లేస్తే నేను లేసినట్టే చెల్లె. జర దిగు."

చిన్నప్పుడు వ్యవసాయ బావిలో ఈత నేర్చినదాన్ని. సరేనన్నాను.

ఆషాఢం గాలి జోరుగా వీస్తోంది. గాలిపటం తాళ్లు తగిలించే పట్టీని నడుముకు బిగించుకుని, పలకను కాళ్లకు తగిలించుకుని, ఊరి చెరువులో వెల్లకిలా తేలాలి. నెత్తి మీద నిలిచిన గాలిపటాన్ని చేతిలోని కడ్డీతో ఒక్కసారి పక్కకు వాల్చాలి. అది లాగగానే మోకాళ్లు ముడుచుకునే ఉంచి పలక మీదికి లేవాలి. చెప్పడానికి అంతే. నేను లేవబోయేసరికి ముఖం వెళ్లి నీళ్లకు కొట్టుకునేది. చెట్ల మీదుగా వచ్చే గాలికి నిలకడ లేదు. ఒక్క గుంజు గుంజి వదిలేసేది.

"కాళ్లు సాపకు! అది గుంజనియ్యి, నువ్వు గుంజకు!" ఒడ్డు నుంచి అన్న అరిచేవాడు.

"నాతోని గాదన్నా."

"ఎందుకు గాదు? ఆడ అందరు లేస్తుండ్రి గదా!"

మొదట్లో వదిన కట్ట మీద కూర్చుని, "ఊరంత తెలంగాణ అని రోడ్డు మీదుంటే మీకు గిదేం ఆట?" అనేది. తర్వాత అదీ మానేసింది. నా చెవుల్లో పోటు, అరచేతుల నిండా బొబ్బలు. ఏ పని మొదలుపెట్టినా నాది ఇంతేననిపించేది.

ఒక సాయంత్రం ఒడ్డుకొచ్చి, నడుము పట్టీ విప్పేసి ఏడ్చాను. అన్న ఆ పట్టీ తీసి తానే కట్టుకున్నాడు. వదిన చెయ్యి పట్టుకుని ఆపబోయింది.

"ఒక్కపారి," అన్నాడు.

గాలిపటం వాలింది. అన్న నీళ్లలోంచి సగం దాకా పైకొచ్చాడు. అంతలో గాలి విసురుగా గుంజింది. అతను కడ్డీ వదల్లేదు. పెద్ద కేక వినిపించింది. గాలిపటం తుమ్మచెట్ల మీద పడి చీలికలైంది. నేను ఈదుకుంటూ వెళ్లి పట్టుకునేసరికి అతని కుడిచెయ్యి తనది కానట్టు వేలాడుతోంది.

బందు కావడంతో ఆటో దొరకలేదు. రోడ్డు మీద ఊరేగింపు ట్రాక్టరు ఎదురైంది. మమ్మల్ని చూసి నినాదాలు ఆపేశారు. "పరేషాన్ గాకు బిడ్డా, దవాఖానకు తీస్కపోతం," అని ఒక పెద్దాయన వదినకు చెప్పి, అన్నను ఎక్కించాడు.

భుజం అతుక్కుంది గానీ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. దుబాయి దారి మూసుకుపోయింది.

తెలంగాణ వచ్చేనాటికి నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. అన్న చూడటానికి వచ్చాడు. బయట రంగులు చల్లుకుంటూ జనం పాడుతున్నారు. అన్న ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు నేను లేసిన్నా? నువ్వు సూసినవు గదా?"

"లేసినవన్నా."

నమ్మలేదు. తల అడ్డంగా ఊపి, నేనిచ్చిన చాయ్ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.