కాంచనబురిలో మేము దిగని చోటు

మా చర్చిలో సండే స్కూల్ చెప్పే ఆంటీ పోయారని పోయిన గురువారం వాట్సాప్‌లో వచ్చింది. ఎనభై మూడేళ్ళు. సాయంత్రానికల్లా గ్రూపు నిండా పొగడ్తలే. పాఠం మరీ సాగదీస్తారని పిల్లల్ని మానిపించినవాళ్ళే "మా ఆత్మీయ తల్లి" అని రాశారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఆవిడే అనేవారు, ఎవరి ఫ్యునరల్ నుంచి వస్తున్నా. నేను మాత్రం ఏమీ రాయలేదు. రాయడానికి నాకు మొహం లేదు. ఎందుకో ఇక్కడ చెబుతాను.

ఎడ్మంటన్‌లో పదకొండేళ్ళు ప్రతి ఆదివారం ఆవిడను నా కార్లోనే చర్చికి తీసుకెళ్ళాను. ఎక్కగానే హీటర్ తగ్గించేవారు, నేను మళ్ళీ పెంచేదాన్ని. క్లాసులో హాజరు పిలిస్తే ఇంటిపేరుతో సహా పిలవాల్సిందే. "జస్ట్ సామ్ ఈజ్ ఫైన్, ఆంటీ," అన్నాడు మా వాడు ఒకసారి. "మీ అమ్మా నాన్నా అంత ఆలోచించి పెట్టుకున్న పేరు, సగం మింగేస్తావేంట్రా?" అని కసిరారు.

ఆ పట్టుదల ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఆవిడ తండ్రి కాకినాడ వైపు నుంచి అప్పట్లో మలయా అనే మలేషియా రబ్బరు తోటల్లో పనికి వెళ్ళారట. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం అక్కడి కూలీలను ఇప్పటి థాయ్‌లాండ్ అయిన సయాం అడవుల్లో రైలు కట్ట వేయడానికి పట్టుకుపోయింది. ఆయనా వాళ్ళలో ఉన్నారు. తిరిగి రాలేదు. అప్పటికి ఆంటీ నెలల పిల్ల. యుద్ధం అయ్యాక తల్లి ఆమెను చంకనేసుకుని ఓడలో వెనక్కి వచ్చింది. సమాధుల పండుగనాడు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఈ తల్లీకూతుళ్ళు గేటు దగ్గర నిలబడి చూసేవారట. "సున్నం కొట్టుకోడానికి మాకు జానెడు రాయి కూడా లేదే అమ్మాయ్," అన్నారొకసారి కార్లో.

రెండేళ్ళ కిందట ఇద్దరం కలిసి ఇండియా వెళ్తూ ఆవిడ కోసమే బ్యాంకాక్‌లో ఆగాం. ప్లానంతా నాదే. పొద్దున్నే వ్యాన్‌లో కాంచనబురి, యుద్ధ సమాధుల తోట, నది మీది వంతెన, ఆ పాత కట్ట మీదే రైలు ప్రయాణం, సాయంత్రానికి వెనక్కి. నిమిషాలతో సహా ఫోన్‌లో వేసుకున్నాను. తగలెయ్య నా టైమ్‌టేబుల్‌ని!

సమాధుల తోటలో గడ్డి నున్నగా కత్తిరించి ఉంది. వరసలు వరసలుగా పేర్లున్న రాళ్ళు. ఆంటీ బ్యాగులోంచి కొవ్వొత్తులు తీసి పట్టుకుని, వంగి వంగి ఒక్కో పేరూ చదవడం మొదలుపెట్టారు. అవి యుద్ధఖైదీలుగా చనిపోయిన సైనికుల రాళ్ళనీ, కూలీలకు అక్కడ లేవనీ నేను ముందే చదివాను. చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను. నాలుగో వరసలో ఆవిడే నడుం నిటారుగా చేసి, "అన్నీ తెల్లోళ్ళ పేర్లే," అన్నారు. "వాళ్ళూ ఓ తల్లి కన్న బిడ్డలే, పాపం. కానీ చచ్చాక కూడా దొర దొరే, కూలీ కూలీయేనటే?"

"ట్రైన్‌కి టైమైపోతోంది ఆంటీ," అన్నాను.

వ్యాన్ ఎక్కి కూర్చోగానే డ్రైవర్ పక్కనే ఉన్న బౌద్ధాలయం వైపు చెయ్యి చూపించాడు. "ఇండియన్... తమిళ్... హియర్," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. టూరిస్టులందరికీ చూపించే గుడే అనుకున్నాను. "నో, వీ ఆర్ నాట్ తమిళ్," అన్నాను విసుగ్గా. జన్మలో గుడిమెట్టు ఎక్కని ఆంటీ కూడా, "మనకి గుళ్ళెందుకే, పద," అన్నారు. తలుపు నేనే లాగి మూశాను.

రైలు కొండ అంచున చెక్క స్తంభాల మీద మెల్లగా పాకింది. అందరూ కిటికీల్లోంచి వంగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఆంటీ ఒళ్ళో కొవ్వొత్తులు వేడికి మెత్తబడి వంగిపోయాయి. "మా నాన్న మోసిన దుంగల మీద టికెట్టు కొనుక్కుని షికారు చేస్తున్నా చూడు," అన్నారు.

తిరిగొచ్చిన నెలకు ఫోటోలు సర్దుతూ ఆ గుడి గురించి వెతికాను. కూలీల ఎముకలు ఏరి తెచ్చి పాతిపెట్టిన స్తూపం ఆ ఆవరణలోనే ఉంది. పేర్లు లేవు. మలయా నుంచి వెళ్ళిన మనవాళ్ళను కూడా అక్కడ తమిళులనే అంటారట. ఆయన ఎముక అందులో ఉందో లేదో దేవునికే తెలియాలి. కానీ కొవ్వొత్తి పెట్టుకోడానికి ఒక చోటంటూ ఉంది, మా వ్యాన్ ఆగిన దగ్గరికి కూతవేటు దూరంలో.

చెప్పాలి కదా? చెప్పలేదు. ఆ వయసులో మళ్ళీ వెళ్ళలేరు, ఊరికే బాధపడతారు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అదంతా వట్టిది. ఆవిడ ముందు దోషిలా నిలబడాలంటే భయం, అంతే. పోయిన నెల హాస్పిటల్లో ఆవిడే అడిగారు. "అమ్మాయ్, నువ్వు నెట్‌లో అన్నీ చూస్తావు కదా. మా నాన్నకి అక్కడ ఏదైనా గుర్తు, చిన్న రాయైనా..."

"ఏమీ లేదాంటీ."

"పోన్లే," అని నా చెయ్యి తట్టారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

శనివారం సమాధి దగ్గర మైనస్ ఇరవై ఆరు. పాట, ప్రార్థన అయ్యాక అందరూ కార్లలోకి పరిగెత్తారు. నేను ఉండిపోయాను. గొయ్యి అంచున వంగి, "ఉందాంటీ. ఆ పక్క గుడిలోనే ఉంది. ఆ డ్రైవర్ చూపించాడు, నేనే దిగనివ్వలేదు," అన్నాను. పెట్టె మీద వేసిన గులాబీలు అప్పటికే గడ్డకట్టి నల్లబడ్డాయి. గొయ్యి పూడ్చే మెషీన్ నడిపే పెద్దాయన ఇంజిన్ ఆపి కిందికి దిగాడు. నా మాటల్లో ఒక్క ముక్కా అతనికి అర్థమై ఉండదు. అయినా టోపీ తీసి, ఆ చలిలో బట్టతలతో, నేను చెప్పడం అయ్యేదాకా నిలబడ్డాడు.