డ్రాగన్ రైలులో వెనక సీటు

రోలర్ కోస్టర్లలో వెనక సీటే అసలు సీటని నా అభిప్రాయం. ముందు కూర్చుంటే పల్లం కనిపిస్తుంది, వెనక కూర్చుంటే బండి మనల్ని పల్లంలోకి లాక్కుపోతుంది. హైదరాబాదు నుంచి దుబాయి దాకా ఎక్కి చెబుతున్న మాట. అందుకే పర్చూరు వైపు ఒక తిరునాళ్ళలో చిన్న డ్రాగన్ రైలు కనిపించినా, పోయి వెనక సీటే పట్టుకున్నాను.

మిగతా సీట్లన్నీ మిరపకోతలు ముగించుకుని వచ్చిన ఆడకూలీల ముఠాతో నిండిపోయాయి. వాళ్ళలో ఒక ముసలమ్మ నా పక్కన కూర్చుంది. రైలు నడిపేవాడు ఆమెను చూసి, "మామ్మా, పెద్దోళ్ళు ఎక్కకూడదు, దిగు" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "నిజమేనమ్మా, వెనక కుదుపెక్కువ. నడుముకు మంచిది కాదు" అని పాండిత్యం వెలగబెట్టాను.

"సీజనంతా వంగి కాయలు కోశాను బాబూ. అప్పుడు నా నడుం సంగతి ఎవరడిగారు?" అంటూ ఆమె దిగింది.

ముందు సీటులోని ముఠా పెద్ద లేచి నిలబడింది. "చేలో అయినా ఇక్కడైనా ఒకటే. ఒకళ్ళని దింపితే ముఠా అంతా దిగుద్ది. లెగండి అందరూ!" అని అరిచింది.

నవ్వుకుంటూ, కొంగులు బిగించుకుంటూ అందరూ దిగిపోయారు. దిగితే సీటు పోతుందని నేనొక్కడినే కదల్లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేనొక్కడినే మిగిలిన రైలును చూసి నడిపేవాడు బుర్ర గోక్కున్నాడు. "సరే, ఎక్కండి తల్లీ" అన్నాడు.

ముసలమ్మ తిరిగొచ్చింది. అప్పటికే నేను ఆమె చోటులోకి కూడా పరుచుకుని కూర్చున్నాను.

"నీ సీటెక్కడికీ పోదులే బాబూ, జరుగు" అంది.