వాగు మధ్యలో చదివిన నవల

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే బస్సు ఓ వాగు ముందు ఆగింది. బురదనీళ్లు రోడ్డు మీదుగా పారుతున్నాయి. విశాఖ నుంచి వచ్చిన నాకు ఆ దారి కొత్త. భయం మరిచిపోదామని నాకిష్టమైన సైన్స్ ఫిక్షన్ నవల తెరిచాను.

పక్క సీట్లో, ఒళ్లో బైబిల్ పెట్టుకున్న పెద్దామె తొంగిచూసింది. "ఏం కతప్పా అది?"

"చెడిపోయిన రాకెట్‌లో ఒంటరిగా చిక్కుకున్న పాప కథమ్మా. భూమికి తిరిగి రావాలి."

"గట్టిగా సదువు. నాకూ బయంగానే ఉండాది."

చదవసాగాను. నీళ్లు కాస్త తగ్గాయని డ్రైవర్ బస్సును మెల్లగా వాగులోకి దింపాడు. మెట్ల మీదికి నీళ్లొచ్చాయి. ఇంజన్ ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంది. చదవడం ఆపేశాను. పెద్దామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపొద్దప్పా, సదువు!"

రాకెట్‌లో గాలి అయిపోతోందన్న చోటి నుంచి మళ్లీ చదివాను. మా ఇంట్లో అందరూ ఎగతాళి చేసే ఆ కథను ఇక్కడ బస్సంతా చెవులు రిక్కించి వింటోంది.

బస్సు అవతలి గట్టెక్కింది. డ్రైవర్ పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు. మళ్లీ ఏమైందోనని కంగారుపడ్డాను. ఆయన చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

"ఊఁ, సదువన్నా. ఆ పాప ఇల్లు చేరేదాకా బండి కదల్దు."